అల్ ఖూజ్ వేడిలో ఆకుపచ్చ పరిమళం

సుగంధ ద్రవ్యాల వ్యాపారంలో ‘గ్రీన్ ఫ్రూటీ’ అని పేరుపడిన పరిమళాల కుటుంబం ఒకటి ఉన్నది. నలిపిన ఆకు, కోసిన గడ్డి, తుంచిన తొడిమ, ఇంకా పండని కాయ మొదలైన వాటి పచ్చివాసనను ముందు నిలిపి, దాని వెనుక మాగిన పండు తీపిని దాచే ఈ పరిమళాలు, సీసా మూత తీసిన క్షణంలో ఎంతగా మనసును లాగుతాయో, ఒంటిమీద చేరిన తరువాత అంత త్వరగా తమ రూపాన్ని మార్చుకుంటాయి. పచ్చదనం ముందుగా వెళ్ళిపోతుంది, పండు కొంతసేపు నిలుస్తుంది, చివరకు వేరో, కట్టెయో, బంకయో మిగులుతుంది. ఈ క్రమం ఎక్కడైనా ఒకటే. అయితే దాని వేగాన్ని నిర్ణయించేవి చర్మమూ వేడీ గాలిలోని తేమా కనుక, దుబాయ్ నగరంలోని అల్ ఖూజ్ వంటి చోట అది ఎలా నడుస్తుందో పరిశీలిస్తే పరిమళ శాస్త్రంలోని మూలసూత్రాలు తేటపడతాయి. పైగా ఈ తరహా పరిమళాలకు పండు వాసనను సమకూర్చే మొక్కలలో ముఖ్యమైన ఒకటి, తెలుగు ఇళ్ళలో మరువంతో కలిపి పూలదండలో గుచ్చే దవనమే కావడం వల్ల, ఈ విషయం తెలుగు శ్రోతలకు దూరమైనది కాదు.

షేక్ జాయెద్ రోడ్డుకూ అల్ ఖైల్ రోడ్డుకూ నడుమ విస్తరించిన అల్ ఖూజ్, చాలాకాలం గోదాములకు, మోటారు గ్యారేజీలకు, చిన్నా పెద్దా కర్మాగారాలకు, కార్మికుల వసతి గృహాలకు పేరుపడిన ప్రాంతం. ఆ వసతి గృహాలను గల్ఫ్ తెలుగువారు క్యాంపులనే అంటారు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన ఎందరికో దుబాయ్ నగరం మొదట పరిచయమైనది ఇటువంటి క్యాంపుల ద్వారానే. అదే ప్రాంతంలో 1998లో వాస్తుశిల్పి దారియుష్ జంది ‘ది కోర్ట్‌యార్డ్’ అనే కళాప్రాంగణాన్ని నెలకొల్పగా, 2008లో అబ్దుల్ మొనెం బిన్ ఈసా అల్సర్కాల్ గోదాములను చిత్రశాలలుగా మార్చి అల్సర్కాల్ అవెన్యూను ప్రారంభించాడు. అది 2015లో పక్కనున్న పాలరాతి కర్మాగారపు స్థలంలోకి విస్తరించింది. 2021లో దుబాయ్ ప్రభుత్వం అల్ ఖూజ్‌ను సృజనాత్మక మండలంగా ప్రకటించింది. ఈ మార్పుల ఫలితంగా ఒక వీధిలో ఇంజిన్ ఆయిలు, రంపపు పొట్టు, రంగుల వాసనలు, పక్క వీధిలో కాఫీ గింజలు వేయించే వాసన కలగలిసి ఉంటాయి. ముక్కు ఒకే వాసనను కొంతసేపు పీలిస్తే దానికి అలవాటుపడి దానిని గుర్తించడం మానేస్తుంది. దీనినే ఘ్రాణ అలసట అంటారు. ఘాటైన వాసనల మధ్య పనిచేసేవారికి సున్నితమైన ఆకువాసన అందకపోవడానికి ఇదొక కారణం, ఆ పరిమళంలో లోపం ఉన్నదని అర్థం కాదు.

ఎమిరేట్ల సుగంధ సంస్కృతి ప్రధానంగా బరువైన వాసనల మీద నిర్మితమైనది. అగరు చెక్కను నిప్పులమీద వేసి దాని పొగను బట్టలకూ జుట్టుకూ పట్టించడం, అగరు నూనెను మణికట్టు మీద రాసుకోవడం, దానిపై గులాబీనో కస్తూరినో చేర్చడం, ఆ తరువాత స్ప్రే కొట్టుకోవడం అక్కడ నిత్యాచారం. ఒకదానిపై ఒకటిగా వాసనలు వేసుకునే ఈ పద్ధతి గల్ఫ్ దేశాల ప్రత్యేకత. ఆ అగరు వ్యాపారంలో భారతీయుల పాత్ర చిన్నది కాదు: అస్సాంలోని హొజాయ్ ప్రాంతానికి చెందిన హాజీ అజ్మల్ అలీ 1950ల మొదట్లో ఆరంభించిన వ్యాపారమే తరువాత దుబాయ్ కేంద్రంగా ఎదిగిన అజ్మల్ సంస్థ. ఇంతటి బరువైన సంప్రదాయం మధ్య ఆకు, కాయ, తొడిమల వాసనను ధరించాలనుకునేవారు, ఆ వాసన ఎందుకు అంత త్వరగా కరిగిపోతుందో తెలుసుకోవడం అవసరం.

ఏ వాసనైనా ముక్కుకు చేరాలంటే ఆ పదార్థపు అణువులు ముందు ఆవిరి కావాలి. తేలికైన అణువులు త్వరగా, బరువైనవి ఆలస్యంగా ఆవిరవుతాయి. ఆవిరయ్యే ఈ స్వభావాన్ని బాష్పశీలత అంటారు. బ్రిటిష్ సుగంధ శాస్త్రవేత్త విలియం ఆర్థర్ పౌచర్ వందలాది ద్రవ్యాలను అద్దుడు కాగితాల మీద వేసి, అవి ఎంతసేపు నిలుస్తాయో పరీక్షించి, వాటికి 1 నుంచి 100 వరకు అంకెలు కేటాయించాడు. 1 నుంచి 14 వరకు ఉన్నవాటిని టాప్ నోట్ లేదా తొలి వాసనలు, 15 నుంచి 60 వరకు ఉన్నవాటిని నడిమి వాసనలు, ఆపైన 100 వరకు ఉన్నవాటిని బేస్ నోట్ లేదా అడుగు వాసనలు అని విభజించాడు. ఈ విభజన నేటికీ సుగంధ శాలల్లో వాడుకలో ఉన్నది. దీనిని మూడు వరుస అంకాల నాటకంగా భావించడం మాత్రం సరికాదు. అన్ని ద్రవ్యాలూ మొదటి క్షణం నుంచే కలిసి ఆవిరవుతుంటాయి, తేలికైనవి అయిపోతున్నకొద్దీ వాటి మరుగున ఉన్న బరువైన వాసనలు బయటపడతాయి, అంతే.

ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే చాలా సుగంధ అణువుల ఆవిరి పీడనం సుమారు రెట్టింపు అవుతుంది, కొన్నింటికి అంతకు మించి కూడా పెరుగుతుంది. దుబాయ్‌లో జులై, ఆగస్టు నెలల సగటు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ వేడి ఎంత తీవ్రమైనదంటే ఎమిరేట్ల ప్రభుత్వం ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పనిచేయించడాన్ని నిషేధించింది. అయితే శరీరం తన ఉష్ణోగ్రతను తానే అదుపు చేసుకుంటుంది కనుక, బయట 41 డిగ్రీలు ఉన్నంతమాత్రాన చర్మం అంతకు చేరదు. మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల మధ్య ఉండే చర్మపు ఉపరితలం ఎండలో మరి రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఎక్కువ మార్పు వచ్చేది బట్టమీద రాలిన పరిమళానికి, గాలికి తగిలే జుట్టుకు, వాహనంలో వదిలేసిన సీసాకు. చెమట మరో ముఖ్యమైన అంశం: అది పరిమళాన్ని పలుచన చేసి కొంత కడిగివేస్తుంది. ఆపైన మనిషి ఏసీ గదిలోకి ప్రవేశించగానే చర్మం చల్లబడి, పొడిబారి, వాసన విడుదల ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. అల్ ఖూజ్‌లో ఒక పూటలో మనిషి ఎండకూ ఏసీకీ మధ్య పలుమార్లు తిరుగుతాడు కనుక, అతని మణికట్టుమీది పరిమళం ఒకే దిశలో సాఫీగా సాగదు. ఎండలో ఎగసిపడి, నీడలో అణగి, మళ్ళీ ఎగసి, ప్రతిసారీ కొంత తేలికదనాన్ని పోగొట్టుకుంటుంది.

ఇక పచ్చివాసన అసలు ఏమిటో చూడాలి. గడ్డి కోసినప్పుడు, ఆకు నలిపినప్పుడు వచ్చే వాసన ఆ ఆకులో ముందునుంచి నిలవ ఉన్నది కాదు. గాయం తగిలిన తరువాత క్షణాల్లో పుట్టేది. ఆకు కణాలు చిట్లగానే వాటిలోని లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాన్ని ఎంజైములు, అంటే జీవకణాలలో రసాయన చర్యలను నడిపే ప్రోటీనులు, ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల నుంచి ఏర్పడే అణువులలో ఒకటి సిస్-3-హెక్సెనాల్, దీనినే ఆకు ఆల్కహాలు అంటారు. ఆరు కార్బన్ పరమాణువులు మాత్రమే గల ఈ చిన్న అణువు త్వరగా గాలిలో కలిసిపోతుంది. పురుగు కొరికిన మొక్క ఇటువంటి అణువులను విడిచినప్పుడు, ఆ పురుగును వేటాడే కందిరీగ జాతులు ఆ వాసనను పట్టుకొని వస్తాయని వృక్షశాస్త్రజ్ఞులు నిరూపించారు. మనిషి తాజాదనంగా భావించి ఆనందించే ఈ వాసన మొక్క వైపు నుంచి చూస్తే గాయపడినట్టు తెలిపే సంకేతం. ఆ సంకేతం త్వరగా వెలువడి త్వరగా మాయం కావడం దాని ప్రయోజనంలోనే ఉన్నది. చర్మంమీద ఆకు ఆల్కహాలు నిమిషాల్లోనే తగ్గిపోవడానికి కారణం తయారీదారుని పొదుపు కాదు, ఆ అణువు స్వభావం.

ఆ స్వభావాన్ని కొంతవరకు అధిగమించడానికి సుగంధకారులు ఆశ్రయించిన ద్రవ్యం గాల్బనం. ఇరాన్ కొండలలో పెరిగే ఈ మొక్క మన వంటింటి ఇంగువ మొక్కకు దగ్గరి బంధువు. రెండూ ఫెరులా ప్రజాతికి చెందినవే. దాని కాండాన్ని, వేరు పైభాగాన్ని కోస్తే కారే బంకను ఎండబెట్టి, ఆవిరితో స్వేదనం చేసి నూనె తీస్తారు. ఆ నూనెలో అతి స్వల్పంగా ఉండే ఒక పైరజీన్ జాతి అణువు, పచ్చి క్యాప్సికంకు ఆ వాసననిచ్చే అణువే. నీటిలో లక్ష కోట్ల భాగాలకు రెండు భాగాలు ఉన్నా మనిషి ముక్కు దానిని పట్టగలదు. కొద్దిపాటి అణువులు మిగిలినా ముక్కుకు తెలుస్తుండడం వల్లనే గాల్బనం పచ్చదనం ఆకు ఆల్కహాలు కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. 1947లో జెర్మెన్ సెల్లియే అనే ఫ్రెంచి సుగంధకారిణి బాల్మెన్ సంస్థ కోసం రూపొందించిన ‘వాఁ వెర్’ అనే పరిమళంలో గాల్బనం మోతాదును అంతవరకు ఎవరూ సాహసించనంతగా పెంచింది; ఆకుపచ్చ పరిమళాల కుటుంబానికి ఆద్యురాలిగా సుగంధ చరిత్రకారులు ఆమెను గౌరవించడం న్యాయమే. పర్షియన్ గల్ఫ్‌కు ఆవలి ఒడ్డున పుట్టే ఈ బంక, ఈవలి ఒడ్డునున్న దుబాయ్‌కి చాలా దూరం నుంచి రావలసినది కాకపోయినా, పారిస్ చుట్టి సీసాలో చేరి రావడం వాణిజ్య చరిత్రలోని విశేషం.

పండు సంగతి ఇంతకంటె క్లిష్టమైనది. నిమ్మ, నారింజ, బత్తాయి వంటి వాటి తొక్కలో నూనె తిత్తులు ఉంటాయి కనుక వాటిని పిండితే సుగంధ తైలం వస్తుంది. తక్కిన పండ్లలో నీరు అధికం, సువాసన అణువులు అత్యల్పం, కనుక జామ, మామిడి, సీతాఫలం మొదలైన వాటి నుంచి సుగంధశాలకు పనికివచ్చే తైలం తీయడం లాభసాటి కాదు. కనుక పరిమళంలో పండు వాసన వచ్చినదంటే అది చాలావరకు మరొక చోటినుంచి తెచ్చి కూర్చినది. దీనికి మంచి ఉదాహరణ 2005లో జాఁ-క్లోద్ ఎలెనా ఎర్మెస్ సంస్థ కోసం చేసిన ‘ఎఁ జార్దెఁ స్యూర్ ల నీల్’. ఈజిప్టులోని ఆస్వాన్‌లో నైలు ఒడ్డున చెట్లకు వేలాడే పచ్చిమామిడి కాయల వాసన అతనిని ఆకర్షించింది. తిరిగి వచ్చిన తరువాత మామిడి లేకుండానే, ఇతర ద్రవ్యాల కలయికతో ఆ వాసన భ్రమను నిర్మించాడు. తెలుగువారు ఆవకాయ కాలంలో ఏటా ఎరిగే వాసనే అది. కాయ తొడిమ విరిచినప్పుడు చిమ్మే సొనలో ఓసిమీన్, మిర్సీన్, లిమొనీన్ వంటి టెర్పీనులు, అంటే చెట్ల బంకలలోనూ ఆకులలోనూ విరివిగా ఉండే హైడ్రోకార్బన్ అణువులు, దండిగా ఉంటాయి. పచ్చిమామిడి వాసనలోని చురుకుదనం వీటిదే. సొన చర్మాన్ని పొక్కించే గుణం మాత్రం దానిలోని రిసార్సినాల్ జాతి పదార్థాలది. కాయ మాగుతున్నకొద్దీ లాక్టోనులు అనే మరొక జాతి అణువులు పెరిగి మీగడ వంటి తీపిని తెస్తాయి. పచ్చికాయ నుంచి పండుకు చెట్టుమీద కొన్ని వారాలలో జరిగే ఈ ప్రయాణాన్నే సుగంధకారుడు, టెర్పీనులను పైన, లాక్టోనులను కింద అమర్చి, చర్మంమీద ఒకటి రెండు గంటల్లో జరిపించగలుగుతాడు. ఈ కుటుంబంలోని పరిమళాల ఆకర్షణంతా ఈ కూర్పులోనే ఉన్నదని చెప్పవచ్చు.

లాక్టోనులలో బాగా పేరుపొందినది పీచ్ పండు వాసనగల గామా-అండెకాలాక్టోన్. 1919లో జాక్ గెర్లాఁ తయారుచేసిన ‘మిత్సుకో’లో దాని ప్రయోగం పరిమళ చరిత్రలో ఒక మలుపు. అంజీర్ ఆకు, కాయల పచ్చివాసన కూడా ఇదేవిధంగా కూర్చినదే: ఆకు నుంచి తీసిన సారం చర్మానికి హాని చేస్తుందని అంతర్జాతీయ సుగంధ సంఘం దాని వాడకాన్ని నిషేధించింది కనుక, 1996లో ఒలీవియా జాకొబెత్తి డిప్టిక్ సంస్థ కోసం చేసిన ‘ఫిలోసికోస్’ మొదలుకొని నేటి అంజీర్ పరిమళాలన్నీ ఆకువాసన గల కృత్రిమ ద్రవ్యాలతో, కొబ్బరిపాల వంటి తీపినిచ్చే లాక్టోనులతో నిర్మించే రూపాలే. కృత్రిమ ద్రవ్యం అనగానే హీనమని భావించేవారు ఈ సంగతి గమనించాలి. ఇక్కడ కృత్రిమమే క్షేమం.

అయితే మొక్కల సారాలతోనే పరిమళం చేయాలని నియమం పెట్టుకున్నవారు పండును ఎక్కడి నుంచి తెస్తారు? ఇక్కడే దవనం ప్రవేశిస్తుంది. ఆర్టెమిసియా పాలెన్స్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ చిన్న మొక్క, వినాయక చవితి పత్రిలో మొదట సమర్పించే మాచిపత్రికి సోదరి. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చని సన్నని చీలికల ఆకులు, చిన్న పసుపు పూలు గల ఈ మొక్కను కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో శీతాకాలపు పంటగా వేసి, సుమారు నాలుగు నెలల్లో, పూత విచ్చిన సమయంలో కోస్తారు. చైత్రమాసంలో దేవాలయాలలో జరిగే దమనోత్సవం ఈ మొక్క పేరు మీదనే ఏర్పడినది. దండకోసం పెంచేది కొంత కాగా, మిగిలినదానిని నీడలో వాడబెట్టి, ఆవిరితో స్వేదనం చేసి తైలం తీస్తారు. ఒక హెక్టారు పైరు నుంచి లభించే తైలం సాధారణంగా పది, పన్నెండు కిలోల స్థాయిలోనే ఉంటుంది. ప్రపంచ సుగంధ పరిశ్రమ వాడే దవనం తైలం దాదాపు మొత్తం భారతదేశం నుంచే వెళుతుంది. సుగంధ మొక్కల పరిశోధనకు అంకితమైన సీమాప్ సంస్థ, బెంగుళూరులోనూ హైదరాబాదు శివారు బోడుప్పల్‌లోనూ ఉన్న తన కేంద్రాల ద్వారా ఇటువంటి పంటల సాగుకు తోడ్పడుతున్నది. పెళ్ళిళ్ళలో జడకు చుట్టే పూలమధ్య ఆకుగా మాత్రమే ఈ మొక్కను ఎరిగిన తెలుగువారికి, అది విదేశీ పరిమళాలలో అరుదైన పదార్థంగా లెక్కకు వస్తుందన్న సంగతి ఇంకా అంతగా చేరకపోవడం విచారకరం.

దవనం తైలాన్ని చర్మంమీద ఉంచినప్పుడు మొదట వచ్చేది ఘాటైన ఆకు వాసన. మాచిపత్రి బంధుత్వం అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది, కొంత చేదుగా, కొంత మందు వాసనగా ఉంటుంది. ఆ తేలిక టెర్పీనులు తొలగిన తరువాత పండు బయటపడుతుంది: హైదరాబాదు విందులలో ఖుబానీ కా మీఠాకు వాడే ఎండు ఆప్రికాట్‌ను ఉడికించినప్పటి వాసన, దానివెంట కొద్దిగా పులిసిన ద్రాక్ష, టీ ఆకు ఛాయలు. ఈ తైలంలో ప్రధాన భాగం దవనోన్ అనే అణువు. పదిహేను కార్బన్ పరమాణువులు గల సెస్క్విటెర్పీన్ జాతికి చెందినది కనుక అది ఆకు ఆల్కహాలు కంటే చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది. చివర్లో మందమైన తేనె, బంక వాసన మిగులుతుంది. ఒకే మొక్క తైలం తనలో తానే ఆకు, పండు, బంక అనే మూడు దశలనూ కలిగి ఉండడం అరుదు. పచ్చని పండు పరిమళానికి ప్రకృతి ముందే రాసిపెట్టిన నమూనాగా దవనాన్ని భావించడంలో అతిశయం లేదు.

దవనం గురించి సుగంధ వ్యాపారంలో తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది: అది ఒక్కొక్కరి ఒంటిమీద ఒక్కొక్క విధంగా పరిమళిస్తుందని. ఈ మాటలో సత్యం ఉన్నది గానీ, ప్రచారం దానిని పెంచింది. మనుషుల మధ్య తేడా కలిగించే అంశాలు స్పష్టమైనవే. చర్మరంధ్రాల నుంచి వచ్చే సహజమైన జిడ్డు, అంటే సీబం, సుగంధ అణువులను తనలో కరిగించుకొని వాటి ఆవిరిని నెమ్మదింపజేస్తుంది. కనుక జిడ్డు చర్మం మీద పండు దశ ఎక్కువసేపు సాగుతుంది, సబ్బుతో అప్పుడే కడిగిన లేదా ఏసీ గాలికి ఎండిన చర్మంమీద ఆకు దశ వెంటనే ముగిసి పండు కూడా పలుచబడుతుంది. చర్మం మామూలుగా స్వల్ప ఆమ్లగుణం కలది. చెమట, చర్మంమీది సూక్ష్మజీవులు విడుదల చేసే పదార్థాలు పరిమళంతో కలిసి ముక్కుకు చేరుతాయి. ఇవన్నీ పరిమళపు వేగాన్ని, దాని నేపథ్యాన్ని మారుస్తాయి. దవనోన్‌ను వేరొక అణువుగా మార్చివేయవు. అంతకంటె పెద్ద తేడా తరచుగా చర్మంలో కాక ముక్కులో ఉంటుంది. మనిషికి సుమారు 400 రకాల ఘ్రాణ గ్రాహకాలు, అంటే వాసన అణువులను పట్టే ప్రోటీనులు, ఉన్నాయి. వాటి జన్యువులు అందరిలో ఒకే తీరుగా లేవు. కోరిందపండు, వయొలెట్ పువ్వుల వాసనలోని బీటా-అయొనోన్ అనే అణువు కొందరికి పూలవాసనగా, కొందరికి పుల్లని, అప్రియమైన వాసనగా తోచడానికి కారణం ఓఆర్5ఎ1 అనే ఒకే జన్యువులోని తేడా అని 2013లో ప్రచురితమైన పరిశోధనలు తెలిపాయి. కనుక ఒకే పండు పరిమళాన్ని గురించి ఇద్దరు మిత్రులు వాదించుకుంటే, ఇద్దరూ నిజమే చెప్పుతూ ఉండవచ్చు.

పచ్చదనాన్ని చర్మంమీద ఎక్కువసేపు నిలపడానికి భారతీయ అత్తరు సంప్రదాయం కనిపెట్టిన మార్గం, ఆల్కహాలును పూర్తిగా విడిచి, బరువైన నూనెలో తేలిక వాసనలను బంధించడం. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రలో పూలనూ ఆకులనూ నీటితో మరిగించి, ఆ ఆవిరిని భప్కా అనే పాత్రలో ముందుగానే పోసి ఉంచిన చందన తైలంలోకి పంపుతారు. చందనంలోని శాంటలోల్ చాలా నెమ్మదిగా ఆవిరయ్యే అణువు. దానిలో కరిగిన తేలిక అణువుల ఆవిరి పీడనం తగ్గిపోతుంది, అందువల్ల అవి తొందరగా పారిపోలేవు. చందన తైలం తెల్ల చందనపు మాను నుంచి వచ్చేదే. శేషాచలం అడవుల ఎర్రచందనానికి ఆ వాసన లేదని తెలుగువారిలో కూడా కొందరికి తెలియదు. ఈ పద్ధతిలో తయారైన మిశ్రమాలలో పచ్చివాసనకు పేరుమోసినది మజ్మువా. వట్టివేరు, మొగలి, కడిమి, తొలకరి మట్టి అనే నాలుగు వాసనల సంయోగం అది. మొగలి తైలానికి ప్రసిద్ధి గంజాం జిల్లాది. బరంపురం చుట్టుపట్ల తెలుగువారు ఒడియావారితో కలిసి జీవించే ఆ తీరంలోని మగ మొగలి పొత్తుల నుంచి వచ్చే సారంలో ఫినైల్‌ఇథైల్ మిథైల్ ఈథర్ ప్రధాన భాగం. దానిలో పచ్చదనం, పండు తీపి, పువ్వు ఒకేచోట ఉంటాయి. చార్మినార్ పరిసరాల అత్తరు దుకాణాలలో మజ్మువా అయినా, జన్నతుల్ ఫిర్దౌస్ అయినా గాజు కడ్డీతో మణికట్టుకు రాసి చూపడం నేటికీ ఆచారం; ఆ సీసాలే గల్ఫ్ ప్రయాణికుల సంచులలో దుబాయ్ కూడా చేరుతాయి.

మొక్కల పరిమళాలకు అడుగు వాసననిచ్చే మరొక మొక్క కస్తూరి బెండ. బెండ కుటుంబానికి చెందిన ఈ మొక్క గింజలలో జంతు కస్తూరిని తలపించే వాసనతో పాటు పియర్ పండు ఛాయ కూడా ఉంటుంది. దీనికి మూలమైన ఆంబ్రెటొలైడ్ అనే అణువును 1927లో మాక్స్ కెర్ష్‌బౌమ్ గుర్తించాడు. దవనం ఎక్కడ ముగుస్తుందో కస్తూరి బెండ అక్కడ అందుకుంటుంది, దాని కింద వట్టివేరు తడినేల వాసన నిలుస్తుంది. తెలుగు వేసవిలో కిటికీలకు కట్టి నీళ్ళు చల్లే తడికల ద్వారా వట్టివేరును ఎరిగినవారికి, అదే వేరు ఎడారి నగరంలో ఆకుపచ్చ పరిమళానికి ఆధారంగా పనిచేస్తున్నదని తెలిస్తే ఆశ్చర్యం కలగకపోవచ్చు. వేడి దేశపు మనుషులు చల్లదనాన్ని వాసనలో వెదకడం కొత్త కాదు.

అల్ ఖూజ్ వంటి చోట ఇటువంటి పరిమళాన్ని ఎంచుకునేవారికి ఈ శాస్త్రం కొన్ని ఆచరణీయమైన సూచనలనిస్తుంది. దుకాణంలోని చల్లని గదిలో కాగితపు పట్టీమీద వాసన చూసి కొనడం పొరపాటు. కాగితానికి జిడ్డు లేదు, వేడి లేదు, కనుక దానిమీద పచ్చదనం అబద్ధపు ఆయుష్షుతో నిలుస్తుంది. మణికట్టుమీద వేసుకొని, రుద్దకుండా, కనీసం ఒక గంట బయటి గాలిలో తిరిగి, పండు దశ వచ్చిన తరువాత నిర్ణయించడం మేలు. పొడి చర్మం కలవారు వాసనలేని కొబ్బరినూనెనో లేపనాన్నో పలుచగా రాసి దానిపై పరిమళం వేసుకుంటే ఆకు దశ కూడా కొంత సాగుతుంది. స్ప్రేలలోని ఆల్కహాలు తాను ఎగిరిపోతూ తేలిక వాసనలను గాలిలోకి విసురుతుంది కనుక తొలి క్షణపు పచ్చదనం ఉధృతంగా ఉంటుంది. నూనె అత్తరులో ఆ విసురు ఉండదు, బదులుగా నిలకడ ఉంటుంది. రెండింటిలో ఏది మేలన్నది అవసరాన్ని బట్టి తేల్చుకోవలసినదే అయినా, ఎండలో పగలంతా తిరిగేవారికి నూనె అత్తరే సరైనదని చెప్పడానికి తగిన కారణాలు ఉన్నాయి.

ఎండ విషయంలో మరొక హెచ్చరిక అవసరం. నిమ్మ, బెర్గమోట్ తొక్కలను పిండి తీసిన నూనెలలో ఫ్యూరానోకుమారిన్లు అనే పదార్థాలు ఉంటాయి; అవి చర్మంమీద ఉండగా తీవ్రమైన సూర్యకాంతి తగిలితే కాలిన మచ్చలు ఏర్పడతాయి. పచ్చి ఆపిల్ వాసననిచ్చే బంతి తైలానికి కూడా ఈ దోషం ఉన్నది. బతుకమ్మ పేర్చేటప్పుడు చేతులకు అంటే ఆ చురుకైన వాసన ఎంత ఇష్టమైనదైనా, దాని తైలాన్ని పరిమళంలో అతి తక్కువ మోతాదుకు మించి వాడరాదని 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సుగంధ సంఘం పరిమితి విధించింది. ఇంట్లో సొంతంగా తైలాలు కలుపుకునేవారు ఈ పరిమితులను తెలుసుకోకుండా మెడకూ చేతులకూ రాసుకొని దుబాయ్ ఎండలోకి వెళ్ళడం ప్రమాదకరం. అటువంటి మిశ్రమాలను బట్ట కప్పే చోట మాత్రమే వాడాలి. సీసాను నిలవచేసే చోటు కూడా ముఖ్యమే. వేడికీ వెలుతురుకూ గురైన టెర్పీనులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతాయి, ముఖ్యంగా లిమొనీన్ అలా మారినప్పుడు చర్మానికి ఎలర్జీ కలిగించే పదార్థాలు ఏర్పడతాయి. అందువల్ల ఎండలో నిలిపిన కారులో, క్యాంపు గది కిటికీ గట్టుమీద ఉంచిన ఆకుపచ్చ పరిమళం పచ్చదనాన్ని కోల్పోవడంతో ఆగదు, చర్మానికి పనికిరానిదిగా మారుతుంది. మూత గట్టిగా బిగించి, చీకటిగా, చల్లగా ఉండే అలమరలో ఉంచిన సీసాలో మాత్రం దవనం తైలం తన పండు వాసనను ఏళ్ళ తరబడి నిలుపుకుంటుంది.